నొప్పికి అయస్కాంతము: ఒక విమర్శ

గోదావరి డెల్టాలో సార్వాకును దాళ్వాకును ఏటా రెండుమార్లు ఊడ్పులు సాగును. రోజంతయు నడుము వంచి, బురదలో నిలిచి నారు నాటువారికి నడుమునొప్పి, మోకాళ్లనొప్పి వచ్చుటలో వింత లేదు. ఏండ్ల తరబడి వదలని ఇట్టి నొప్పులకు అయస్కాంతపు పట్టీలు, కంకణములు, చెప్పులలో వేసికొను అట్టలు అమ్ముచుందురు. "డాక్టరు మందులు మానవద్దు; వానితోపాటు దీనిని కూడ ధరింపుడు" అందురు. మాట మర్యాదగానే ఉన్నది. అయితే కూలిడబ్బు పెట్టి కొనువానికి, ఆ వస్తువు చెప్పిన పని చేయునా అన్నది తేలవలసియున్నది.

వైద్యములో అయస్కాంతము నిన్న మొన్న వచ్చినది కాదు. శరీరములో దిగబడిన ఇనుప ములుకును దానితో లాగివేయు పద్ధతి సుశ్రుతసంహితలోనే కలదు. అక్కడ లాగునదియు ఉన్నది, లాగబడునదియు ఉన్నది. మరి నొప్పి విషయములో లాగబడునది ఏది? రక్తములోని ఇనుము అని అమ్మువారి సమాధానము. శరీరమంతటిలో గల ఇనుము సుమారు 4 గ్రాములు. అందులో అధికభాగము హిమోగ్లోబినులో బంధింపబడియుండును. అది మేకులోని ఇనుమువలె ప్రవర్తింపదు. ప్రాణవాయువుతో కూడిన హిమోగ్లోబినును అయస్కాంతము ఆకర్షింపదు సరికదా, అతిస్వల్పముగా వికర్షించునని లైనస్ పౌలింగ్, చార్లెస్ కోర్యెల్ 1936లో చూపిరి. ప్రాణవాయువును వదలిన హిమోగ్లోబిను ఆకర్షింపబడును గాని, అదియు అతిస్వల్పమే. పట్టీలోని అయస్కాంతపు బలము సాధారణముగా కొన్ని వందల గాస్‌లు, ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రములలో 15,000 గాస్‌లు మామూలు. పట్టీకే రక్తము పరుగులెత్తునదైనచో, ఆ యంత్రములో పండుకొన్న రోగి గతి ఏమి కావలెను?

దీనిని బడిలోనే పరీక్షింపవచ్చును. పట్టీకి గుండుసూదిని అంటించి, రెంటి నడుమ నోటుపుస్తకపు కాగితములను ఒక్కొక్కటిగా పెంచుచు, ఎన్నవ కాగితమునకు సూది రాలునో లెక్కింపుడు. ఉత్తర, దక్షిణ ధ్రువములను పక్కపక్కన అమర్చిన పట్టీలలో బలము కొద్ది మిల్లీమీటర్లలోనే క్షీణించును. నడుము కండరములు చర్మమునకు, కొవ్వునకు లోపల ఉన్నవి కదా!

సిద్ధాంతము ఎట్లున్నను ఫలితము కనబడినచో ఒప్పుకొనవలసినదే. 1997లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున, పోలియో అనంతరము నొప్పులతో బాధపడు 50 మందిని పరీక్షించిరి. 45 నిమిషములు నిజమైన అయస్కాంతము కట్టినవారిలో నూటికి 76 మంది, ఉత్తబిళ్ల కట్టినవారిలో నూటికి 19 మంది నొప్పి తగ్గినదనిరి. ఇంత వ్యత్యాసమును తీసిపారవేయుట న్యాయము కాదు. అయితే అది ఒక్కపూట పరీక్ష. 2000లో, మానని నడుమునొప్పి గల 20 మందికి నిజమైనవి, ఉత్తవి వేర్వేరు వారములలో ఇచ్చి చూడగా భేదము కనబడలేదు. 2003లో మడమనొప్పి గల 101 మందితో జరిపిన పరీక్షలోను అంతే. 2007లో ఇట్టి పరీక్షలన్నిటిని సమీక్షించినవారు, నొప్పికి అయస్కాంతమును సిఫారసు చేయుటకు ఆధారము లేదనిరి. కీళ్ల అరుగుదల విషయములో మాత్రము మేలు అసలే లేదని చెప్పుటకు తగినంత సాక్ష్యము లేదని విడిచిరి. ఈ పరీక్షలలో మరియొక చిక్కు కలదు. తనకిచ్చినది నిజమైనదో కాదో తెలిసికొనుటకు రోగికి ఒక్క తాళపుచెవి చాలును!

మరి "నాకు తగ్గినది" అనువారు అబద్ధమాడుచున్నారా? కానేకాదు. ఊడ్పుల రోజులలో నొప్పి ముదురును. పట్టీ కొనునది అప్పుడే. చేను పచ్చబడునాటికి నడుమునకు కొంత విశ్రాంతి దొరకును, నొప్పి దానంతట అదే దిగును. పేరు పట్టీకి వచ్చును. దీనికి తోడు నమ్మకము వలన నొప్పి తగ్గినట్లు తోచుట కలదు. అది బాధపడువానికి నిజమైన ఉపశమనమే. కాని అది ఉత్తబిళ్లతోను కలుగును.

మెదడుపై ప్రయోగించు అయస్కాంత స్పందనల మాట వేరు. అక్కడ క్షేత్రము క్షణక్షణము మారుచు, ఫారడే 1831లో కనుగొన్న రీతిని విద్యుత్తును పుట్టించును. పట్టీలోని అయస్కాంతము కదలక మెదలక ఉండునది. ఒకదాని కీర్తిని రెండవదానికి అంటగట్టరాదు.

పట్టీ వలన హాని తక్కువే. కాని గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారు బలమైన అయస్కాంతములను ఛాతీ దగ్గరకు రానీయరాదు. మానని నడుమునొప్పికి వ్యాయామ శిక్షణ, రోగికి నొప్పిని గూర్చిన బోధ మొదలగువానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. మామూలు నడుముపట్టీలను కూడ వాడవద్దన్నది. ఇక ప్రకటనల సంగతి: 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టపు పట్టికలో కీళ్లవాతము పేరు ఉన్నది. దానిని నయముచేయుదుమని మందును గాని, తాయెత్తును గాని ప్రకటించుట నేరము. ఆ చట్టములో మందు అను మాటకు, శరీరపు పనిని మార్చుటకు ఉద్దేశించిన వస్తువు అను అర్థము కూడ కలదు. విద్యార్థులచేత ప్రకటనలు సేకరింపజేయు ఉపాధ్యాయులు ఈ పట్టికను దగ్గర ఉంచుకొనవచ్చును.