1942 నాటి ఒరిస్సా తీరము : ఒక ప్రశ్నావళి, ఒక జాబు

సాహిత్య విమర్శ యనగా కావ్యములను, నాటకములను, నవలలను గూర్చియే యుండవలెనను నియమమేదియు లేదు. ఒక ఉత్తరము కూడ విమర్శకు పాత్రమగును. మేము ముప్పది సంవత్సరములకు పైగా గుమాస్తాగా కచేరీ కాగితముల నడుమ కాలము గడిపినవారము. మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసినది. పండితులు చూపునట్టి రసధ్వనులు మాకు అందకపోవచ్చును గాని, అడిగిన ప్రశ్నకు వచ్చిన జాబు సూటిగా నున్నదో, తప్పించుకొని తిరుగుచున్నదో కనిపెట్టుట మాత్రము మాకు అలవాటైన పని. ఆ అలవాటుతోనే మన తీరమునకు సంబంధించిన యొక జాబును చదివి, మా అభిప్రాయమును ఈ సంచిక చదువరుల ముందుంచుచున్నాము.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చి 8న ఆ నగరము జపానువారి వశమైనది. మన గోపాలపురము రేవున ఓడలెక్కి ‘రంగము’ పోయిన తెలుగువారు కొలదిమంది కారు. వారిలో అనేకులు సంపాదించినదంతయు విడిచి, అడవులు, కొండలు దాటి కాలినడకను బయలుదేరిరి. దారిలోనే కన్నుమూసినవారెందరో! ఏప్రిలు 6న విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు పడినవి. ఆ దినములలోనే బంగాళాఖాతమున ఇరువదికి పైగా సరుకు ఓడలను జపాను నౌకాదళము ముంచివేసినది. మద్రాసునుండి ప్రభుత్వ కచేరీలు లోపలి జిల్లాలకు తరలినవి. ఇక శత్రువు దిగునది ఒరిస్సా తీరముననే యని అందరును అనుకొనుచుండిరి. విశాఖ వార్త విన్ననాడు బియ్యపు కుండలను పెరటిలో పాతిపెట్టి, పైన గుమ్మడిపాదు వేసితిమని మా నాయనమ్మగారు చెప్పుచుండెడివారు. మేము చిన్నతనమున దానిని వేడుక కథగా వింటిమి.

అట్టి సమయమున గాంధీజీ మీరాబెన్‌ను ఒరిస్సాకు పంపిరి. ఆమె ఇంగ్లీషు నౌకాదళమున అడ్మిరలు పదవి వహించిన వారి కుమార్తె. తల్లిదండ్రులు పెట్టిన పేరు మేడలీన్ స్లేడ్. అంతకుముందు ఏప్రిలు నెలాఖరున, గాంధీజీ వ్రాసిన తీర్మానపు చిత్తును అలహాబాదునకు తీసికొనిపోయినది కూడ ఆమెయే. అక్కడ సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము, దురాక్రమణకు వచ్చిన సేనకు తలవంచరాదనియు, దాని ఆజ్ఞలు పాటింపరాదనియు, అహింసాయుతముగా సహాయనిరాకరణము చేయవలెననియు నిశ్చయించినది. తీర్మానించుట తేలిక. సముద్రపుటొడ్డు పల్లెలో దానిని నడుపుట యెట్లు? మీరాబెన్ ఒరిస్సా పల్లెల స్థితి తెలిసికొని, ఒక ప్రశ్నావళి వ్రాసి పంపిరి. 1942 మే 31న గాంధీజీ సేవాగ్రామమునుండి జాబు వ్రాసిరి. మా విమర్శకు విషయము ఈ రెండు కాగితములే.

మొదట ప్రశ్నావళిని చూతము. దానిలో ఉపన్యాస ధోరణి లేదు. శత్రువు తీరమున దిగి, ఎండిన వరిపొలముల మీదుగా ఎట్లు సాగును, సర్కారు సేన ఏ అడవులలో పొంచియున్నదని వదంతి, పోరాటము ఎక్కడ జరుగవచ్చును అను సంగతులు ముందు చెప్పబడినవి. పిమ్మట ప్రశ్నలు. వంతెనల పనిలో సహకరింపవచ్చునా? ఏ నాణెమును చేతబట్టవలెను? పోరాటము ముగిసిన పొలమున పడియున్న క్షతగాత్రులకు ఎవరు దిక్కు? శవసంస్కారము మాటయేమి? విడిచిపోయిన తుపాకులు దొంగల పాలు కాకుండ ఏమి చేయవలెను? వానిని సముద్రములో పడవేయుట మంచిదని తమకు తోచినదని కూడ ఆమె వ్రాసిరి.

ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడును. కాని సామాన్యుడు దురాక్రమణదారుని కలిసికొనునది ఇట్టి తావులలోనే గదా! అంగడిలో, కూలిపనిలో, రూపాయి మార్చుకొనుచోట అతని నీతికి పరీక్ష వచ్చును. ఆ పరీక్షలను ముందుగా లెక్కవేసి వ్రాసినందున ఈ ప్రశ్నావళికి మేము గొప్ప విలువ నిచ్చుచున్నాము.

ఆమె నిర్మొగమాటము కూడ గమనింపదగినది. చప్పుడు చేయు విమానములు ఇంగ్లీషువారివి, చప్పుడు లేనివి మహాత్మునివి అని కొన్నిచోట్ల పల్లెవాసులు చెప్పుకొనుచుండిరట! ఆ మాటను ఆమె దాచలేదు. ప్రభుత్వముపై ప్రజలకు భయమును, అపనమ్మకమును ఎంతగా ముదిరినవనగా, ఇంగ్లీషువారికి విరోధియైన దేదైనను వారికి ఇష్టమగునట్లున్నదని స్పష్టముగా వ్రాసిరి. కాబట్టి ఈ అమాయకులకు నేర్పగలిగినది తాటస్థ్యమొక్కటే యని ఆమెకు తోచినది. జపానుసేన పొలములమీదుగా పోయిన పోనిత్తురు. ధాన్యమును, ధనమును దాచుకొందురు. కొలువు చేయుటకు మాత్రము ఒప్పుకొనరు. ఇది చదివినప్పుడు మాకు మా నాయనమ్మగారి బియ్యపు కుండలు జ్ఞప్తికి వచ్చినవి. అది వేడుక కథ కాదని అప్పుడు తెలిసినది.

ఇక గాంధీజీ జాబు. అధికారులు జాబు వ్రాయునప్పుడు ముందుగా క్రిందివారి శక్తిని అంచనా వేసి, దానికి సరిపడునట్లు ఆజ్ఞను తగ్గించి వ్రాయుదురు. గాంధీజీ ఆ పద్ధతిని మొదటనే త్రోసిపుచ్చిరి. ప్రజలు చేయవలసినదేమో మనము చెప్పవలెను, వారు తమ శక్తికొలది చేయుదురు. శక్తిని ముందుగా కొలిచి చెప్పబూనినచో మన మాటయే తడబడునని వారి భావము. తాటస్థ్యమును గూర్చి చర్చింపకయే, దాని స్థానమున ప్రతిఘటనను నిలిపిరి. జపాను సేనతో ఏ వ్యవహారమును వద్దు. వారికేమియు అమ్మరాదు, వారి చేతినుండి ఏమియు తీసికొనరాదు. ప్రాణములొడ్డి నిలువలేనివారు, సాయుధులైన సైనికులు వెనుదీయునట్లే, ఆ చోటు విడిచి తొలగిపోవచ్చును. అదియు చేతకానివారు చేయగలిగినంత చేయుదురు గాక. మనసొప్పి లొంగుట మాత్రము ఎన్నటికిని తగదు. తమలో తాము వస్తువుకు వస్తువు మార్చుకొనవచ్చును, లేదా చేతనున్న పాత నోట్లనే వాడుకొనవచ్చును. ఆయుధములను జాగ్రత్తగా దాచగలిగిన దాచవచ్చును. దాచుట సాధ్యము కానిచో సముద్రములో వేయుటయే మేలు.

ఈ జాబులో మమ్ము ఆకర్షించినది దాని మెట్ల వరుస. వీరునికి ఒక మెట్టు, వృద్ధునకు, పిల్లలతల్లికి ఒక మెట్టు, ఏమియు చేతకాని వానికి కూడ ఒక మెట్టు ఇందున్నవి. ధర్మమును తగ్గింపలేదు, మనుష్యుని వెలివేయలేదు.

ఇది ఆచరణలో నిలుచునా యను ప్రశ్న న్యాయమైనదే. జపానుసేన మన తీరమున దిగలేదు గనుక ఈ జాబు పరీక్షకు నిలువలేదు. కాని ఆ 1942లోనే నార్వే దేశమున ఇట్టి పరీక్ష జరిగినది. జర్మనులు ఆక్రమించిన ఆ దేశమున క్విస్లింగు ప్రభుత్వము ఉపాధ్యాయులందరిని తన సంఘములో చేరుమని శాసింపగా, అత్యధిక సంఖ్యాకులు చేరమని తమ పేరు పెట్టి ఉత్తరములు వ్రాసిరి. వెయ్యిమందికి పైగా నిర్బంధితులైరి. వందలమందిని ఉత్తరదిశ కొనయందలి కిర్కెనెసుకు పంపి కఠినమైన పనులు చేయించిరి. అయినను వారు లొంగలేదు. ఆ సంవత్సరము ముగియులోపలనే వారిని విడుదల చేయవలసివచ్చినది. ఆయుధము పట్టని బడిపంతుళ్లు చేసిన పని యిది. కాబట్టి గాంధీజీ జాబు గాలిలో కట్టిన మేడ యని మేము అనజాలము.

ఇక లోకాభిప్రాయము సంగతి. గాంధీజీ దానిని ఉపేక్షించిన వారు కారు. జూను 14న చియాంగ్ కైషేక్‌కు, జూలై 1న అమెరికా అధ్యక్షుడు రూజువెల్టుకు ఉత్తరములు వ్రాసిరి. భారతదేశము మీకు స్వాగతము చెప్పునని ఆశింపకుడని జపాను ప్రజలను హెచ్చరించుచు ‘హరిజన్’ పత్రికలో జూలై 26న ప్రకటించిరి. అయినను, అంతకుముందు అలహాబాదు కాంగ్రెసు కార్యాలయమునుండి పట్టుకొనిపోయిన కాగితములను ప్రభుత్వము ఆగస్టులో ప్రకటించినది. కాంగ్రెసు జపాను పక్షమున మొగ్గుచున్నదను తలంపు విదేశములలో నాటుకొన్నది. సెప్టెంబరు 10న చర్చిలు పార్లమెంటులో జపాను గూఢసహాయము మాట ఎత్తెను. 1943 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఒక పెద్ద పుస్తకమునే అచ్చువేసి కాంగ్రెసుపై నేరము మోపినది. ఆ నింద అబద్ధమని చూపుటకు ఒరిస్సా ప్రశ్నావళియు, దాని జాబును చాలును. కాని అప్పటికి వ్రాసినవారును, అడిగినవారును ఇద్దరును ఆగాఖాను భవనమున బందీలు. గాంధీజీ 1944 మే 6న విడుదలైన పిమ్మట, ప్రభుత్వముతో వారు జరిపిన ఉత్తరప్రత్యుత్తరములు 1945లో పుస్తకముగా వచ్చినప్పుడు గాని లోకము దీనిని చక్కగా చదువలేదు. వాయిదా దాటిన పిమ్మట దాఖలైన సాక్ష్యమువంటి దాయెను.

ఇందు తప్పు పూర్తిగా ఎదుటివారిదేనా? మేము పక్షపాతము లేకుండ చెప్పవలసియున్నది. అలహాబాదునకు పోయిన తొలిచిత్తులో, జపానుకు వైరము ఇంగ్లీషు సామ్రాజ్యముతోనే గాని భారతదేశముతో కాదను భావము కలదు. నెహ్రూగారి సవరణలతో చివరి తీర్మానము మారినది. కాని పట్టుబడిన చిత్తులోని ఆ వాక్యమే ప్రపంచమంతట తిరిగినది. ఒక్క వదులు వాక్యము ఎదుటివాని చేతికి కత్తి నిచ్చునని కచేరీలో పనిచేసిన ప్రతివానికి తెలియును. మీరాబెన్ ప్రశ్నావళికి మరియొక చిక్కు కలదు. ప్రజల మనస్సును ఉన్నదున్నట్లు చెప్పినందుననే అది సత్యమైనది. ఉన్నదున్నట్లు చెప్పినందుననే అప్పుడు అచ్చువేయుటకు వీలుకానిదైనది. ఇంగ్లీషువారి విరోధికి స్వాగతమిచ్చెదరను ఒక్క పంక్తిని తీసికొని, మిగిలినదానిని విడిచివేయుట ప్రత్యర్థికి ఎంత పని? సత్యమునకును, ప్రచారమునకును గల ఈ కలహము నేటికిని తీరలేదు. 2022 మార్చిలో ఖెర్సోను నగరమున నిరాయుధులైన ఉక్రెయిను ప్రజలు రష్యా సైనికుల ఎదుట జెండాలు పట్టి నిలుచుట లోకమంతయు ఆ దినముననే చూచినది. వార్తకు ఇప్పుడు మూడు సంవత్సరములు పట్టదు, నిజమే. ఐనను చూచినవారు ఎంతకాలము జ్ఞప్తియందుంచుకొందురను ప్రశ్న అట్లే నిలిచియున్నది.

మాకు తోచిన లోపము మరియొకటి మనకు సంబంధించినది. ఆ ప్రశ్నావళి పొలముగట్టునుండి చూచినదే గాని పడవమీదనుండి చూచినది కాదు. శత్రువు దిగినచో మొట్టమొదట అతని కంటబడువారు జాలరులు. గంజాం తీరమున నోళియాలని పిలువబడు జాలరులలో పెక్కుమంది తెలుగు మాటలాడువారు. వారికి పొలము లేదు, పాతిపెట్టుటకు గాదె లేదు; పడవయు, వలయు వారి ఆస్తి. అమ్మవద్దన్న మాట చేపలమ్మి ఆ పూట తినువానికి ఎట్లు వర్తించును? తొలగిపొమ్మన్న మాట పడవ విడిచి బ్రదుకలేని వానికి ఎట్లు వర్తించును? ఆ మాటలను వారికి వారి భాషలో చెప్పువారెవరు? 1936 ఏప్రిలు 1న గంజాం ప్రాంతము మద్రాసు నుండి విడివడి ఒరిస్సాలో చేరినది; అప్పటికి ఆరు సంవత్సరములే గడచినవి. ఒక రాష్ట్రమున అల్పసంఖ్యాకులైనవారిని పెద్దల ప్రణాళికలు మరచుట సులభమని ఈ కాగితము కూడ మనకు నేర్పుచున్నది. దీనిని నిందగా చెప్పుటలేదు. పల్లెవాసులను గూర్చి అంత శ్రద్ధతో వ్రాసిన కలమే మనవారిని గుర్తింపలేదన్నచో, శ్రద్ధలేని కలముల మాట వేరుగా చెప్పనేల?

ప్రజల శక్తిని ముందుగా కొలువరాదన్న గాంధీజీ మాటకు ఋజువు కొన్ని నెలలలోనే దొరికినది. తాటస్థ్యము తప్ప మరేమియు చేతకాదనుకొన్న ఆ సామాన్యులే ఆగస్టు పోరాటమున ముందుకు వచ్చిరి. సెప్టెంబరు 28న బాలాసోరు జిల్లా తీరమందలి ఎరము గ్రామమున పోలీసు కాల్పులకు ఇరువదిమందికి పైగా బలియైరి. కోరాపుట్టు జిల్లాకు చెందిన లక్ష్మణ నాయకును 1943 మార్చి 29న మన బరంపురము జైలులోనే ఉరితీసిరి. ఆనాడు లోకాభిప్రాయమునకు ఆ గిరిజన నాయకుని పేరైనను తెలియదు. అతని తరఫున వాషింగ్టనుకు ఉత్తరము వ్రాయువారు లేరు.

కావున మా తుదిమాట ఇది. ఈ జాబు అహింసాసాహిత్యమున చిన్నది గాని గట్టిది. ధైర్యము సామాన్యుని అంగడిలో, కూలిపనిలో ఉన్నదని చెప్పినది. దానికి కలిగిన నష్టము లోకమునకు ఆలస్యముగా చేరుట. దానిలో మిగిలిన వెలితి తీరమందలి మనవారి మాట లేకుండుట. మొదటి నష్టమును మనము తీర్పజాలము. రెండవదానిని కొంత తీర్పవచ్చును. హల్దియాపదర్‌లోను, బరంపురములోను, గోపాలపురములోను ఉన్న మన కుటుంబములలో రంగమునుండి నడచి వచ్చినవారి కథలు, ఆనాటి తీరపు కథలు ఇంకను పెద్దల నోట మిగిలియున్నవి. వానిని విన్న తరమే మా తరము. మా తరువాత వినుటకు ఎవరును ఉండరు. సంవత్సరము, ఊరు, జరిగినది జరిగినట్లు, అలంకారములు లేకుండ వ్రాసి సంఘమునకు అందజేయుడని చదువరులను కోరుచున్నాము. బియ్యపు కుండపైన గుమ్మడిపాదు వేసిన కథను మేము వ్రాసి ఇచ్చినాము. తక్కినవి మీరు ఇండు.