పట్రాయని సంగీతరావు: కూచిపూడి బ్యాలే వెనక ఉన్న స్వరం

పట్రాయని సంగీతరావు (1920–2021) వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటికలకు సంగీతం సమకూర్చిన విద్వాంసుడు. ‘పద్మావతీ శ్రీనివాసం’, ‘హరవిలాసం’ వంటి నృత్యనాటికలు పేరు తెచ్చుకున్నాయంటే అందులో సగం పాలు సంగీతానిది. చూసినవారికి మాత్రం నర్తకి పేరు, గురువు పేరు గుర్తుంటాయి. వరస కట్టినవారి పేరు గుర్తుండదు. తెలుగు కళాలోకం ఆయనకు పడిన బాకీ ఇదే.

ఆయన సంగీతపు ఇంట పుట్టారు. తండ్రి పట్రాయని సీతారామశాస్త్రి ‘సాలూరి చినగురువుగారు’గా ఉత్తరాంధ్రమంతటా పేరుపడ్డ గాయకుడు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు అధ్యక్షులుగా పనిచేసిన విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పారు. ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడ ఆయన శిష్యుడు. మాట మింగకుండా పాడడం, భావం వెంట రాగాన్ని నడపడం ఆ ఇంటి పద్ధతి. ఘంటసాల గొంతులో తెలుగువారు మురిసిపోయింది ఈ పద్ధతినే, సంగీతరావు బ్యాలేల్లో వినిపించిందీ దీన్నే.

మద్రాసులో సంగీతరావు ఏళ్ల తరబడి సినిమా సంగీతంలో ఘంటసాలకు సహాయకుడిగా పనిచేశారు. వీణ తెలిసినవారే అయినా హార్మోనియం ఆయన ప్రాణం. గమకం పలకదన్న నింద వేసి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసింది. 1971 దాకా ఆ కట్టు సడలలేదు. లోపం వాద్యానిది కాదు, చేతిది. మెట్లమీద నిలిచిన స్వరాన్ని కూడా గొంతుకు దగ్గరగా పలికించవచ్చని ఆయన వాయింపే చెప్పేది. సినిమా పని ఆయనకు మరో విద్యనిచ్చింది. క్షణాల్లో సన్నివేశాన్ని నిలబెట్టడం, ఒక రసం నుంచి మరో రసానికి అతుకు కనబడకుండా దాటడం అక్కడ నిత్యకృత్యం.

పాత కూచిపూడిలో వేషధారి తానే పాడేవాడు, తానే మాట్లాడేవాడు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పిన చినసత్యం ఆ వాచికాన్ని నర్తకుల నుంచి తీసి పక్కన కూర్చున్న గాయకులకు అప్పగించారు. నర్తకి ఒంటికి స్వేచ్ఛ వచ్చింది, కథ చెప్పే భారం మొత్తం సంగీతం మీద పడింది. ఇక్కడే సంగీతరావు వంటివారి అవసరం. కచేరీలో కృతి పాడేవాడు రాగాన్ని తన మనోధర్మం కొద్దీ పెంచవచ్చు. బ్యాలేకు వరస కట్టేవాడికి ఆ వెసులుబాటు లేదు. పాదం ఎక్కడ పడుతుందో, చూపు ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించి కట్టాలి.

మొదట పాత్ర. పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడే ప్రవేశ దరువు రెండు అడుగుల్లోనే వచ్చినదెవరో చెప్పాలి. భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి పెద్దలు భైరవి రాగం ఎంచడంలో ఈ వివేకమే ఉంది: ఆ రాగానికి ఠీవి ఉంది, లోపల ఆర్తీ ఉంది. తరవాత రాగాల వరస. విడిగా ఎంత అందమైనవైనా పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి చంపుకునే రాగాలుంటాయి. మోహనలో సాగే శృంగారం నుంచి అఠాణా రౌద్రంలోకి దూకాలంటే మధ్యలో ఒక జతి, ఒక తాళంలేని పద్యం, లేదంటే వేణువు మీద చిన్న పలుకు కావాలి. పద్యం వచ్చినప్పుడు మృదంగం మౌనం వహిస్తుంది, అభినయానికి చోటు దొరుకుతుంది. ఒకే భావాన్ని పలు తీరుల అభినయించే సంచారి చోట ఒకే పంక్తిని నాలుగైదుసార్లు తిప్పాలి, ప్రతిసారీ సంగతి మారాలి, మాట మాత్రం చెదరకూడదు. ఈ చివరి పనిలో సంగీతరావును మించినవారు అరుదు. ఎస్.వి. భుజంగరాయశర్మ రాసిన సాహిత్యంలోని సంస్కృత సమాసం సైతం ఆయన వరసలో చివరి వరుస ప్రేక్షకుడికి విడివిడిగా వినబడేది. ‘పద్మావతీ శ్రీనివాసం’లో నర్తకి శోభానాయుడు పద్మావతిగా నిలిచినప్పుడు ఆ పాత్ర సిగ్గులో, సొగసులో ఈ సంగీతపు వాటా తక్కువేమీ కాదు.

ఇప్పుడు ఏం జరుగుతోంది? ఎవరో ఎప్పుడో రికార్డు చేసిన పాట ఫోన్లో పెట్టి పిల్లలచేత ఆడిస్తున్నారు. గాయకుడు లేడు, నట్టువాంగం లేదు, మృదంగం లేదు. నర్తకికి ఆ రోజు భావం పండి సంచారి ఇంకో ఆవర్తం నడుపుదామన్నా యంత్రం ఆగదు. కీబోర్డు మోతలు, సినిమా ఫక్కీ హోరు కలిపి దానికి ‘కూచిపూడి బ్యాలే’ అని పేరు పెడుతున్నారు. ఇది చౌక సరుకు. స్వరకర్త పేరు కరపత్రంలో వేయకపోవడం మరో అన్యాయం. వాద్యబృందానికి ఖర్చెక్కువన్న మాట నిజమే. కానీ వేదిక అలంకరణకూ దీపాల హంగుకూ దొరికే డబ్బు గాయకుడి దగ్గరకు వచ్చేసరికే ఎందుకు అడుగంటుతుందో నిర్వాహకులే చెప్పాలి.

సంగీతరావు నూరేళ్లు నిండాక, 2021లో కన్నుమూశారు. ఆయన కట్టిన వరసలు స్వరసాహిత్యాలతో, జతులతో, తాళ నిర్దేశంతో అచ్చుకావాలి. నాట్య పాఠశాలల్లో అడుగులతోపాటు దరువు పాడడమూ నేర్పాలి. ప్రభుత్వ ఉత్సవాల్లో కూచిపూడికి ప్రత్యక్ష వాద్యబృందాన్ని తప్పనిసరి చేయాలి. అందుకయ్యే సొమ్ము అకాడమీలు, సాంస్కృతిక శాఖలు భరించాలి. ఆ వరసలు పాడగల గాయకులు, ఆ జతులు చెప్పగల నట్టువనార్లు ఇంకా ఉన్నారు, పని మొదలుపెట్టాల్సింది వారుండగానే.