శ్రీనివాస్ రాయప్రోలు ఆంగ్ల కవిత్వం: తెలుగు విమర్శ దృష్టి

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఉరితీసింది. ఆ ఘటనను కంపెనీ అధికారులు ఇంగ్లీషులో నమోదు చేసుకున్నారు. రేనాటి ప్రజలు తెలుగులో పాడుకున్నారు. ఒక భాష శాసనానికి, మరొకటి గుండెకోతకు ఆలంబనగా నిలిచిన ఈ విభజన సీమ సాహిత్య స్పృహలో పూర్తిగా చెరిగిపోలేదు. అయితే ఆ తర్వాత నూరేళ్లు తిరిగేసరికి ఒక తెలుగు పండిత కుటుంబంలో పుట్టిన కవి తన అంతరంగాన్ని చెప్పుకోవడానికి ఇంగ్లీషునే ఎంచుకున్నారు. ఆయన భావకవిత్వ ప్రవర్తకుడు రాయప్రోలు సుబ్బారావు (1892-1984) కుమారుడు శ్రీనివాస్ రాయప్రోలు (1925-1998). ఆయన కవిత్వంతో తెలుగు విమర్శకు పని ఉందా, ఉంటే అది ఎటువంటిది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

జీవిత నేపథ్యం

సికిందరాబాదులో జన్మించిన శ్రీనివాస్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు. అక్కడ ఉన్నప్పుడే 1949లో అమెరికన్ కవి విలియం కార్లోస్ విలియమ్స్‌తో లేఖా పరిచయం కలిగింది. అది 1958 వరకు సాగింది. ఆ లేఖలు గ్రాట్సియానో క్రాట్లి సంపాదకత్వంలో 2018లో గ్రంథంగా వెలువడ్డాయి. స్వదేశానికి తిరిగివచ్చి ప్రభుత్వ ఇంజనీరుగా పనిచేస్తూనే శ్రీనివాస్ 1956లో 'ఈస్ట్ అండ్ వెస్ట్' అనే సాహిత్య పత్రికను ప్రారంభించారు. 'బోన్స్ అండ్ డిస్టెన్సెస్' (1968), 'మ్యారీడ్ లవ్ అండ్ అదర్ పోయెమ్స్' (1972), 'సెలెక్టెడ్ పోయెమ్స్' (1995) ఆయన కవితా సంపుటాలు. మూడింటినీ కలకత్తాలోని రైటర్స్ వర్క్‌షాప్ ప్రచురించింది. 2020లో కార్కనెట్ సంస్థ 'యాంగ్యులర్ డిజైర్' పేరిట ఆయన కవితలను, వచనాన్ని ఎంపిక చేసి ఇంగ్లండులో ప్రచురించింది.

గురువు, తండ్రి

శ్రీనివాస్‌ను విలియమ్స్ శిష్యునిగా పరిచయం చేయడం పరిపాటి. దీనికి ఆధారం లేకపోలేదు. విలియమ్స్ వైద్యవృత్తిలో ఉంటూ కవిత్వం రాశారు. శ్రీనివాస్ ఇంజనీరుగా ఉంటూ రాశారు. ఊహల కంటె కంటి ఎదుటి వస్తువును నమ్మడం, పంక్తిని పొట్టిగా, మాటను పొడిగా ఉంచడం ఇద్దరిలోనూ కనిపించే లక్షణాలు. 'ఆరెంజెస్ ఆన్ ఎ టేబుల్' అనే కవితా శీర్షికలోనే ఈ దృష్టి తెలుస్తుంది. బల్లమీది పండ్లకు అలంకారమూ లేదు, తాత్త్విక వ్యాఖ్యానమూ లేదు.

ఆంగ్ల విమర్శకు సులభంగా అందే సంబంధం ఇది. తెలుగు విమర్శకు మాత్రమే అందగల మరొక సంబంధం ఉంది. సుబ్బారావు ప్రతిపాదించిన అమలిన శృంగారం శరీర సంయోగాన్ని కోరని ప్రేమ. 'తృణకంకణం'లో పెళ్లితో కలవలేకపోయిన ప్రేమికులు గడ్డిపోచ కంకణం సాక్షిగా తమ అనురాగాన్ని స్నేహంగా మార్చుకుంటారు. అక్కడ ఎడబాటే ప్రేమను శుద్ధి చేస్తుంది. కుమారుని కవిత్వంలో ఇది తలకిందులవుతుంది. కవితా సంపుటి పేరులోకి ఎక్కిన 'మ్యారీడ్ లవ్' అన్న మాటలోనే ప్రేమకు పెళ్లి జరిగిపోయింది. మిగిలింది ఇల్లు, సంసారం, దినచర్య, కోరిక, కోరిక తీరినా తీరని వెలితి. తండ్రి కావ్యంలో దూరం ప్రేమకు పరీక్ష అయితే, కుమారుని కవితలో సామీప్యమే పరీక్ష. విలియమ్స్‌ను మాత్రమే దృష్టిలో ఉంచుకున్న పాఠకునికి ఇది వస్తుచిత్రణగా తోస్తుంది. 'తృణకంకణం' తెలిసిన పాఠకునికి ఇది ఒక ప్రత్యుత్తరంగా వినిపిస్తుంది.

భాషను ఎంచుకోవడంలోని లాభనష్టాలు

తెలుగులో ప్రేమను పలికే నుడికారాన్ని తీర్చిదిద్దినవారిలో తండ్రే ముఖ్యుడైనప్పుడు, ఆ స్వరం వినిపించని భాషను కుమారుడు వెతుక్కున్నాడని ఊహించవచ్చు. అయితే ఈ ఊహను అతిగా నమ్మరాదు. భావకవిత్వపు సౌకుమార్యాన్ని తెలుగులోనే ఉండి ధిక్కరించినవారున్నారు. శ్రీశ్రీ ఉన్నారు, 'ఫిడేలు రాగాల డజన్' (1939)తో పఠాభి ఉన్నారు. దేహాన్ని, నగరాన్ని, విసుగును చెప్పే శక్తి తెలుగుకు అప్పటికే ఉంది. కాబట్టి శ్రీనివాస్‌కు ఇంగ్లీషు అనివార్యత కాదు, ఎంపిక. దానికి ఆయన మూల్యం చెల్లించారు. తిరిగివచ్చిన తర్వాతి లేఖలలో కనిపించే ఒంటరితనం ఆ మూల్యంలో భాగమే. ఏ దేశమేగినా జన్మభూమిని కీర్తించమని ప్రబోధించిన కవి కుమారుడు జన్మభూమికి చేరుకున్నాక పరాయితనాన్ని అనుభవించడం ఆ లేఖలకు విషాదాన్నిచ్చింది.

కోయిలకుంట్ల ప్రాంతపు పాఠకుడు ఇక్కడ ఒక ఆక్షేపణ చేయవచ్చు. ఆ నేలను తడిపే కుందేరు పోయి కలిసే పెన్నానది కరువును విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'గా మలిచారు. అందులో ఒక కుటుంబం ఆకలి ఒక ప్రాంతపు ఆకలి. కడపలో స్థిరపడిన పుట్టపర్తి నారాయణాచార్యులు 'లీవ్స్ ఇన్ ది విండ్' పేరుతో ఇంగ్లీషులో కవిత్వం రాసినా, ఆయన కీర్తికి ఆధారం తెలుగు 'శివతాండవమే'. వీరి సరసన చూస్తే శ్రీనివాస్ వేదన ఒక గదిని దాటి సమూహందాకా విస్తరించదు. ఈ పరిమితిని అంగీకరించవలసిందే.

కాని ఆ పరిమితికి మరొక పార్శ్వం ఉంది. అదే జంటనగరాల నుంచి ఇంగ్లీషులో రాసిన సరోజినీ నాయుడు 'ది గోల్డెన్ థ్రెషోల్డ్' (1905)లో పల్లకీ బోయీలను, పాములవాళ్లను పరదేశ పాఠకునికి కన్నులపండువుగా చూపించారు. శ్రీనివాస్ అటువంటి ప్రదర్శనకు పూనుకోలేదు. తన దేశాన్ని వింతవస్తువుగా అమ్మలేదు. ఇంటికి అలసి వచ్చిన ఉద్యోగి మనసును ఉన్నదున్నట్లు చెప్పారు. పాలకుల భాషను సొంత గోడుకు వాడుకోవడంలో ఉన్న నిజాయితీ అది.

ముగింపు

శ్రీనివాస్ పేర నెలకొల్పిన కవితా పురస్కారం హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆంగ్లశాఖ సహకారంతో యువకవులకు అందుతున్నది. ఆంగ్లశాఖ గుర్తించిన ఈ కవిని తెలుగుశాఖ కూడా చదవవలసి ఉంది. భాష వేరు కాబట్టి ఆయన మనవాడు కాడని తోసిపుచ్చితే, అమలిన శృంగారానికి సొంత ఇంటిలోనే పుట్టిన ప్రతివాదం మన సాహిత్య చరిత్రకు దక్కదు. ఇంటిపేరును బట్టి మనవాడని ప్రకటించి ఊరుకున్నా ప్రయోజనం లేదు. ఆయన కవితలను తెలుగులోకి తేవాలి. తండ్రి తీర్చిన భాషలోకి వచ్చినప్పుడు కుమారుని పొడిమాట ఎంత నిలుస్తుందో, ఏ పదం దగ్గర తడబడుతుందో ఆ అనువాదాలే తేల్చగలవు. తండ్రీకొడుకుల కవిత్వాన్ని పక్కపక్కన ఉంచి చదివే తులనాత్మక పరిశోధన అక్కడినుంచి మొదలుకావాలి.