మంచు ఊడ్చేవారి ఒక్క పేజీ

అమెరికాలోని బఫలో నగరంలో మంచు తొలగించే పనికి వెళ్లేవారి రెజ్యూమే సాధారణంగా ఒక్క పేజీ దాటదు. ఆ పేజీని చక్కగా రాయడం మెచ్చుకోదగ్గ పనితనం. ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలులకు 2014 నవంబరులో ఆ నగర శివార్లలో కొన్నిచోట్ల ఐదడుగులకు మించి మంచు పేరుకుంది. అలాంటి ఊళ్లో 'కష్టపడే స్వభావం' అన్న మాట ఎవరైనా రాస్తారు. 'రాత్రి రెండింటికి పిలిచినా వస్తాను' అన్న వాక్యం దగ్గరే కాంట్రాక్టరు చూపు ఆగుతుంది.

నేర్పంతా వివరాల ఎంపికలో ఉంది. 26,000 పౌండ్లు మించిన ట్రక్కు నడపాలంటే కమర్షియల్ లైసెన్సు ఉండాలి. తెలిసినవారు దాన్ని పేరు కిందనే పెడతారు. 'మంచు తోశాను' అని వదిలేయకుండా, 'ఎనిమిదడుగుల బ్లేడున్న పికప్‌తో ఆసుపత్రి ఆవరణ; ముందుగా అంబులెన్సు దారి' అని రాస్తారు. ఎంత చిన్న వాక్యం! అందులో యంత్రం, చోటు, వివేకం మూడూ కనిపిస్తాయి. నేల సుమారు మైనస్ 9 డిగ్రీలకు చల్లబడితే మామూలు ఉప్పు మంచును కరిగించడం నెమ్మదిస్తుంది. అంతకన్నా చలిలోనూ పనిచేసే కాల్షియం క్లోరైడ్ వాడిన అనుభవం రాస్తే, ఆ సంగతి తెలిసిన మనిషని అర్థమవుతుంది.

ఇది సీజన్ పని కాబట్టి ఏడాదిలో ఖాళీలు తప్పవు. 'వేసవిలో తోటపని, చలికాలంలో మంచు' అని ఒక్క వరుస చేరిస్తే చాలు, అనుమానం తీరిపోతుంది.

అన్నిటికన్నా విలువైన వరుస మరొకటి: 'వరుసగా మూడు చలికాలాలు ఒకే కాంట్రాక్టరు దగ్గర.' అంటే ఆయన మళ్లీ మళ్లీ పిలిచాడన్నమాట.