విజయపురి స్త్రీలు: ఎవరి మతం, ఎవరి పేరు?

మిర్యాలగూడ, కోదాడ వరిపొలాలకు ఎడమకాలువలో వచ్చే నీళ్ళు ఒక నగరాన్ని ముంచి వచ్చిన నీళ్ళు. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధానిగా వెలిగిన విజయపురి నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఉంది. తవ్వకాల్లో బయటపడ్డ స్తూపాలు, గుడులు, శాసనాల ఆధారంగానే ఆ ఊరి మతజీవితం గురించి మాట్లాడుకుంటున్నాం.

ఆ మాటల్లో ఒకటి మనకి బాగా అలవాటైపోయింది. రాజులు యజ్ఞాలు చేశారు, అంతఃపుర స్త్రీలు బౌద్ధాన్ని ఆదరించారు, కాబట్టి అది మత సహనానికి నిదర్శనం అని. అదే కాలంలో రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవం బలపడేకొద్దీ, వేర్వేరు దేవతల్ని కొలిచేవాళ్ళందరినీ 'పేగన్లు' అనే ఒకే పేరు కిందికి తోసేశారు. అది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. మన 'సహనం' అనే మాట కూడా ఇలాంటి పనే చేస్తోందేమో చూడాలి. సహించింది ఎవరు? రాజే కదా! అప్పుడు స్త్రీలు చేసిందంతా అతను ఇచ్చిన అనుమతిగా మారిపోతుంది.

శాసనాలు వేరే కథ చెబుతాయి. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలబెట్టింది అతని మేనత్త చాంతిసిరి. ఆమె అన్నదమ్ముడు శాంతమూలుడు చేసిన అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధాల సంగతి మనకి ప్రధానంగా తెలిసింది ఈ బౌద్ధ స్తంభాల మీది రాతల వల్లే. అంటే రాజు వైదిక కీర్తిని భద్రపరిచింది ఒక స్త్రీ దానం. ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి రుద్రధర భట్టారిక స్తంభంతో పాటు 170 దీనార మాషకాలు ఇచ్చింది. ఇదంతా ఉత్త భక్తి కాదు, ఆస్తి మీద అధికారం కూడా. రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిసిరి కూడా చైత్యగృహం కట్టించగలిగింది.

అయితే సంబరపడిపోవడానికి లేదు. ఈ దాతలు దాదాపు అందరూ తమని తాము ఫలానావారి చెల్లెలు, భార్య, కోడలు, తల్లి అనే పరిచయం చేసుకుంటారు. రాజులు వాసిష్ఠీపుత్రులు, మాఠరీపుత్రులు. తల్లి గోత్రం కొడుకు పేరులో నిలిచింది, తల్లి సొంత పేరు నిలవలేదు. వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతురు బాపిసిరినికని పెళ్ళి చేసుకున్నాడు. మేనరికం కలిపి ఉంచిన ఆ ఇంట్లో దానం కూడా చుట్టరికం భాషలోనే మాట్లాడింది.

'రాణులంతా బౌద్ధులు' అన్న గీత కూడా చెరిగిపోతుంది. మహాదేవి ఖందువుల పేరున్న నగ్న దేవతా ప్రతిమ ఒకటి దొరికింది. ఆ రాతలో ఆమె 'అవిధవ', 'జీవపుత్ర'. భర్త, కొడుకు బతికుండటమే ఆమెకి బిరుదు. మరోపక్క కొండవాలులో పిల్లల్ని కాచే యక్షిణి హారీతికి గుడి ఉంది. ప్రసవం, పిల్లల చావు, వైధవ్య భయం ఏ మత సరిహద్దు దగ్గరా ఆగలేదు. సిద్ధాంతాల పేర్లతో గీసిన చరిత్రలో ఈ భయాలకి చోటెక్కడ?

సూర్యాపేట జిల్లా ఫణిగిరిలోనూ ఇక్ష్వాకుల కాలపు శాసనాలు వెలుగు చూశాయి. వాటిని చదివేటప్పుడు రాజు పేరు, పాలనా సంవత్సరం తేల్చడంతో పని ముగించకూడదు. ఇచ్చిందెవరు, ఎవరి సొమ్ము, ఎవరి క్షేమం కోసం అని అడగాలి. స్త్రీల మతజీవితం రాజుల ఔదార్యానికి అనుబంధం కాదని అప్పుడే రాయగలుగుతాం.