సగం రాసిన పుస్తకాలు

నా బీరువాలో నాలుగు నోటుబుక్కులున్నాయి. ఒకదాంట్లో మా అమ్మ పొగాకు బ్యారన్ల దగ్గర చేసిన కూలిబతుకు. రెండోదాంట్లో మా పల్లె ముసలమ్మలు నాట్లేసేటప్పుడు పాడే పాటలు. మూడోది బడి తెలుగు వాచకాల మీద విమర్శ. నాలుగోదాంట్లో మా పల్లె డప్పు దరువుల పేర్లు, ఏ దరువు ఎప్పుడు కొడతారో ఆ వివరం. ఆరేళ్ళ నుంచి నాలుగూ సగంలోనే ఉన్నాయి.

ఒక సభ అయిపోయాక పేరున్న విమర్శకుడొకాయనతో ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "ఏదో ఒకటి పట్టుకోవయ్యా. సాహిత్యమంటే తపస్సు. మీవాళ్ళకు ఆవేశం ఉంటది గానీ నిలకడ ఉండదు" అన్నాడు. అక్కడ ఏమీ అనలేకపోయాను. తిరుగు బస్సులో మాత్రం ఆ 'మీవాళ్ళు' అనే మాట గొంతులో ముల్లులాగా అడ్డం పడింది.

ఈ నిలకడ ఎక్కణ్ణుంచి వస్తది? తపస్సు చేసేవాడికి ఎవరో వండిపెట్టాలి. ఎవరో వాకిలి ఊడవాలి. ఎవరో పొలం దున్ని గింజలు ఇంటికి చేర్చాలి. ఆ చేసేవాళ్ళం మేము. మా చేతుల మీద నిలబడ్డ తీరికకు 'నిలకడ' అని పేరు పెట్టుకుని, అది మాకు లేదని మమ్మల్నే తప్పుపడుతున్నారు. ఇది సాహిత్య విలువ ఎట్లా అవుతది? ఆస్తికి సాహిత్యంలో పెట్టిన పేరు ఇది.

మా అమ్మ కోడి కూయకముందే గేదెకు గడ్డి కోసుకొచ్చేది. పొద్దెక్కేసరికి మోతుబరి బ్యారన్ కాడ ఆకు గుచ్చేది. కర్రకింతని కూలి. మధ్యాహ్నం చంకలో చెల్లెలు, చేతిలో ఆకు. రాత్రికి పొయ్యి, ఆ తర్వాత అప్పుల లెక్క. ఒక్క పనిని పట్టుకుని కూర్చుంటే మిగతా కడుపులు మాడతాయి. ఆమెను నిలకడ లేని మనిషని ఊళ్ళో ఎవరూ అనలేదు. ఆమె కొడుకు నాలుగు నోటుబుక్కులు తెరిస్తే మాత్రం నిలకడలేనివాడయ్యాడు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. బళ్ళో పాఠం చెప్పడానికి ముందు ఫోన్లో ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాలి, ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. ఇంటికొస్తే పల్లెలో ఎవరో ఒకరు అర్జీ రాసిపెట్టమని కూర్చునుంటారు. ఆ అర్జీ కూడా రచనే అంటాను నేను. దాని మీద ఒక ముసలామె పింఛను ఆధారపడి ఉంటది.

ఇట్లా బతికిన రచయిత ముందెవరైనా ఉన్నారా అని వెతికితే ఎక్కడికో పోనక్కర్లేకపోయింది. విగ్రహం కింద దండలేసి మనం చదవడం మరిచిన మనిషే ఉన్నాడు.

బాబాసాహెబ్ అంబేద్కర్‌ను నాయకుడిగా, రాజ్యాంగ నిర్మాతగా చూశాం. రచయితగా ఆయన బల్ల మీదికి తొంగిచూసింది తక్కువ. 1920లో 'మూక్ నాయక్', 1927లో 'బహిష్కృత భారత్', 1930లో 'జనతా', 1956లో 'ప్రబుద్ధ భారత్'. ఇన్ని పత్రికలు పెట్టిన మనిషికి ఏ పెద్ద ప్రచురణ సంస్థా వెనక లేదు. 1936 సభకు లాహోర్ జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు అధ్యక్షుడిగా రమ్మన్నారు. ప్రసంగం చూసి కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. ఆయన ఒప్పుకోలేదు, సభే ఆగిపోయింది. ఆ ప్రసంగాన్ని ఆయనే అచ్చేయించుకున్నారు. 1500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. అదే 'కులనిర్మూలన'. తలవంచి ఉంటే మనకు అందేది వేరే పుస్తకం.

1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఆ పనిలో ఉండగానే 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారో నిలదీసిన పుస్తకం వచ్చింది. 1946లో 'శూద్రులెవరు?' వచ్చింది. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడిగా ఉంటూనే, దానికి కొనసాగింపుగా 1948లో అంటరానితనం పుట్టుక మీద 'ది అన్‌టచబుల్స్' తెచ్చారు. ఒక చేతిలో చట్టం, ఒక చేతిలో చరిత్ర. ఇది నిలకడ కాకపోతే ఆ విమర్శకుడు నిలకడకు వేరే అర్థం చెప్పాలి.

ఇంతవరకూ రాసి, ఆ పెద్దమనిషికి జవాబు దొరికిందని సంతోషపడ్డాను. నిజం చెప్పాలంటే నా బద్ధకానికి బాబాసాహెబ్‌ను అడ్డం పెట్టుకున్నాను. "ఆయనకూ సగం పుస్తకాలున్నాయి గదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇక్కడ నన్ను నేను విమర్శించుకోకపోతే ఈ వ్యాసం రాయడం దండగ.

నిజమే, ఆయనవీ సగంలో ఆగాయి. 1956లో 'బుద్ధుడు – ఆయన ధమ్మం'కు రాసుకున్న ముందుమాటలో, దీనితో కలిపి మూడు పుస్తకాలు ఒక వరస అన్నారు. 'బుద్ధుడు – కార్ల్ మార్క్స్', 'ప్రాచీన భారతంలో విప్లవం – ప్రతివిప్లవం' భాగాలుగా రాసి ఉన్నాయనీ, త్వరలో తెస్తాననీ చెప్పారు. ఆ డిసెంబరు 6న పోయారు. ధమ్మం పుస్తకం కూడా 1957లోనే వెలుగు చూసింది. మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటం తెచ్చింది 1979లో. 'విప్లవం – ప్రతివిప్లవం' రాతలు మూడో సంపుటంగా, హిందూమతపు చిక్కుముళ్ళ మీద రాసినవి నాలుగో సంపుటంగా 1987లో వచ్చాయి. అంటే 31 ఏళ్ళు. అప్పటికి కొన్ని అధ్యాయాలకు పేర్లే మిగిలాయి, లోపల పాఠం లేదు.

అంత మనిషి కాయితాలకే ఆ గతి పడితే, నా నోటుబుక్కులను ఎవడు దాస్తాడు? మా ఇంట్లో చెదలు దాస్తాయి.

నాలుగో నోటుబుక్కు సంగతి చెప్పాలి. మా పల్లెలో డప్పు కొట్టే పెదనాయన ఒకాయన ఉండేవాడు. చావు దరువు, పెళ్ళి దరువు, జాతర దరువు, టముకు, అన్నీ ఆయన వేళ్ళలో ఉండేవి. పదకొండు పేర్లు చెప్పాడు. "ఇంకా ఉన్నయిరా అబ్బయ్యా, ఆదివారం రా" అన్నాడు. ఆ ఆదివారం మూడో నోటుబుక్కు పని పెట్టుకున్నాను. పై ఆదివారం శిక్షణ తరగతులు. ఆ పై ఆదివారం ఆయన పాడె ముందు వేరేవాళ్ళు డప్పు కొట్టారు. కొట్టే దరువు పేరేంటో చెప్పేవాళ్ళు లేరు. నా నోటుబుక్కులో పన్నెండో అంకె వేసి ఉంది, పక్కన ఖాళీ. ఆ ఖాళీ అగ్రవర్ణ విమర్శకుడు చేసింది కాదు, నేను చేసింది.

ఇంకొకటి. నేను నోటుబుక్కుల ముందు కూర్చున్నప్పుడల్లా నా ఇంటామె గిన్నెలు కడుగుతూ ఉంటది. ఆమే డిగ్రీ చదివింది. "నువ్వు రాసే పాటలు మా అమ్మకూ వచ్చు. నన్నెప్పుడైనా అడిగావా?" అంది ఒకరోజు. తపస్సు చేసేవాడికి వండిపెట్టేదెవరని లోకాన్ని నిలదీసినవాణ్ణి, ఆ మాట మా వంటింట్లో అడగలేదు. ఇప్పుడు పాటల నోటుబుక్కు ఆమె చేతిలో ఉంది. రాత్రి గిన్నెలు నావి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు హాస్టళ్ళలో కూర్చుని కరపత్రం, కవిత, పరీక్ష అన్నీ ఒకేసారి రాస్తున్నారని తెలుసు. ఒక్కటే రాయమని నేను చెప్పను. మన బతుకులో ఒక్కటే పని ఎప్పుడూ లేదు. కానీ వరస పెట్టుకోండి. పుస్తకాల మీద విమర్శ రేపు రాసినా ఆ పుస్తకాలు ఉంటాయి. ముసలోళ్ళు ఉండరు. కాబట్టి మనుషుల దగ్గర ఉన్నది ముందు రాయండి. సగం రాసింది రెండో ప్రతి తీసి ఇంకొకరి దగ్గర పెట్టండి. ఇరవై పేజీలైనా సరే, చేతనైనంత చిన్న పుస్తకంగా అచ్చేయండి.

నేను డప్పు నోటుబుక్కునే ముందు తెస్తున్నాను. పదకొండు దరువులతోనే. పన్నెండో అంకె పక్కన ఖాళీని అట్లాగే అచ్చు వేయిస్తాను. పక్క ఊళ్ళో ఎవరికైనా ఆ పేరు తెలిస్తే వచ్చి చెప్పాలి.