చెప్పులకంటిన మట్టి

శనక్కాయల మూటలు తూచే కాటా మీద జీపు చక్రం పెట్టి తూచినవాణ్ణి ఆర్.కె.పేటలో బహుశా నేనొక్కణ్ణే. మండీ ఆయన నవ్వాడు గానీ వద్దనలేదు. నా పాత జిప్సీతో వచ్చిన చక్రం, టైరూ రిమ్మూ కలిపి 19 కిలోలు. పోయినేడు మోజుపడి వేయించుకున్న మడ్ టైరు, దాని వెడల్పాటి ఇనుప రిమ్ముతో 28. నాలుగింటికీ కలిపి 36 కిలోలు ఎక్కువ. వెనక తగిలించిన స్టెప్నీని లెక్కలోకి తీసుకుంటే 45.

"దానికేమన్నా, ఒక పిల్లోణ్ణి ఎక్కించుకున్నట్టు" అన్నాడు మండీ ఆయన. టైర్లు అంటగట్టిన షాపువాడూ అచ్చం ఇదే మాట అన్నాడు. కాకపోతే పిల్లోడు సీట్లో కుదురుగా కూర్చుంటాడు, చక్రంతో పాటు గిరగిరా తిరగడు.

వానపడ్డాక చేలో నడిచినవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. నెత్తిన పది కిలోల మూట పెట్టుకుని ఊరి దాకా వచ్చేస్తాం. అదే చెప్పుల కింద అరకిలో బంకమట్టి అంటుకుంటే నూరడుగులకే తొడలు పట్టేస్తాయి. మూటను ఒకసారి ఎత్తుకుంటే అయిపోయింది. కాలికంటినదాన్ని అడుగడుగునా ఎత్తాలి. చక్రం బరువును ఇంజను ముందుకూ తొయ్యాలి, గిర్రునా తిప్పాలి. అందుకే బండి వేగం అందుకునేటప్పుడు టైరు అంచున ఉన్న కిలో రెండు కిలోలంత బరువవుతుంది. అదే బరువు ఇరుసు దగ్గర ఉంటే ఒక కిలో కిందే లెక్క. మడ్ టైరుకు ఆ లావుపాటి గుండీలన్నీ ఉండేది అంచునే. బ్రేకు నొక్కినప్పుడు కూడా ఆ తిరిగే బరువంతటినీ ఆపాల్సిందే.

నిజం చెప్పాలంటే నా బండిని బరువుకన్నా ఎత్తే ఎక్కువ దెబ్బతీసింది. 205/70 ఆర్15 తీసేసి 235/75 ఆర్15 వేస్తే చక్రం అడ్డకొలత 67 సెంటీమీటర్ల నుంచి 73కు పెరిగింది. ఇంచుమించు పదో వంతు. ప్రతి గేరులోనూ లాగుడు ఆ మేరకు తగ్గిపోయింది. మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతోంది. 1.3 లీటర్ల చిన్న ఇంజను, పాపం. అమ్మయార్‌కుప్పం దారిలో మూడో గేరులో పాడుకుంటూ ఎక్కిన మిట్టకు ఇప్పుడు రెండో గేరు అడుగుతోంది.

కొండవార రాళ్లబాటలో ఇంకో సంగతి బయటపడింది. తేలిక చక్రం రాయెక్కి దిగి వెంటనే నేలను అందుకుంటుంది. బరువు చక్రం ఎగిరిందంటే దాన్ని కిందికి తేవడానికి కమాను కట్టలు, షాక్ అబ్జార్బర్లు అవస్థపడాలి. గాల్లో ఉన్నంతసేపూ దానికి పట్టూ లేదు, బ్రేకూ లేదు. అలాగని ఆ టైర్లు పనికిమాలినవి అనను. పక్కగోడలు మందం. పదునురాయికి అంత తేలిగ్గా కోసుకుపోవు. బురదే లోకమైనవాడికి అవి కావాల్సిందే. నాలాగా నెలకోసారి బురద చూసేవాడికి ఎందుకూ?

పంక్చరు షాపు దగ్గర ఈ పురాణమంతా విన్న ట్రాక్టరు కుర్రాడు తిరగబడ్డాడు. "మేమే డబ్బులిచ్చి టైర్లలోకి నీళ్లు పోయిస్తా ఉండాము. నువ్వేందన్నా తొమ్మిది కిలోలకు ఏడస్తా ఉండావు?"

మంచి ప్రశ్నే. వాల్వును పైకి తిప్పి ముప్పాతిక వంతు నీళ్లు నింపితే, సైజును బట్టి వెనక టైరొక్కటే 100 లీటర్లకు పైన తాగుతుంది. దున్నే ట్రాక్టరు గంటకు ఐదారు కిలోమీటర్లు నడుస్తుంది. దానికి వేగం అందుకునే తొందర లేదు. వెనక నాగలి నేలలో దిగి గుంజుతుంటే, బరువు చాలని చక్రం ఉన్నచోటే తిరుగుతూ మట్టిని గీకుతుంది. దానికి బరువే పట్టు. పరుగెత్తి ఆగి, మళ్లీ పరుగెత్తాల్సిన జీపుకు అదే బరువు గుదిబండ.

అరక్కోణం పక్కన ఇచ్చిపుత్తూరులో ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ ఉండడం వల్లనో ఏమో, మా వైపు ప్రతివాడికీ టైర్ల మీద ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ కంపెనీ 1946లో తిరువొత్తియూరులో పిల్లల బుడగలతో మొదలైంది. బుడగైనా టైరైనా పనిచేసేది గాలే కదా! నాకా బుద్ధి కుశస్థలి ఇసుకలో దిగబడ్డాక గానీ రాలేదు. కొత్త టైర్లు ఎంత తిరిగితే అంత లోతుకు తవ్వుకున్నాయి. చివరికి గాలి 18 పాయింట్లకు తీసేశాను. టైరు పొట్ట పరుచుకుంది, ఇసుక మీద జాగా పెరిగింది, బండి మెల్లగా పాక్కుంటూ గట్టెక్కింది. పైసా ఖర్చు లేదు. పాత టైర్లతో కూడా ఆ పని చేసుండచ్చు. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోవడం మాత్రం మరవకూడదు, లేదంటే టైరు వేడెక్కి చస్తుంది.

పాత చక్రాలు మళ్లీ బిగించుకుందామని మొన్న అదే పంక్చరు షాపుకు వెళ్లాను. కుర్రాడి ట్రాక్టరు నాకన్నా ముందే జాకీ మీద ఉంది. ఇక తిరువాలంగాడు మిల్లుకు చెరుకు తోలాలట. రోడ్డు మీద ఆ నీళ్లతో పోతే బండి కుదేస్తుంది, డీజిల్ కూడా తాగుతుంది. వాల్వు కిందికొచ్చేలా చక్రం తిప్పి సూది ఊడదీశాడు. నల్లటి నీళ్లు చుయ్యిమని చిమ్మి, రబ్బరు కంపుతో షాపు ముందంతా పారాయి. ఒక కోడి వచ్చి ముక్కు పెట్టి చూసి, తల విదిలించుకుని పోయింది. "ఇంకో అరగంట పడతాదన్నా, టీ తాగిరా" అన్నాడు కుర్రాడు.